ఆ సిగరెట్ మీకేం చేసిపెడుతోంది? చెడు అలవాటు వెనకున్న అవసరాన్ని వెతికే పద్ధతి

విజయవాడ ఆటోనగర్‌లో సాయంత్రం నాలుగైంది. లారీ బాడీలు కట్టే షెడ్డులోంచి ఒక వెల్డర్ బయటికొచ్చి, ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర సిగరెట్ వెలిగిస్తాడు. ఆరేడు నిమిషాల్లో మళ్ళీ లోపలికి వెళ్ళిపోతాడు. ఆ కాసేపట్లో అతనికి ఏమేం దొరికాయో లెక్కపెట్టండి. నికోటిన్ ఒకటి. కాలిపోతున్న రేకుల కిందనుంచి బయటపడ్డందుకు కాస్త గాలి. యజమాని కంటికి దూరంగా నాలుగు క్షణాలు. పక్క షెడ్డు కుర్రాడితో రెండు మాటలు. పొగ లోపలికి పీల్చి మెల్లగా వదిలేటప్పుడు, తనకు తెలియకుండానే తీసే దీర్ఘశ్వాస. ఇవన్నీ ఒక ఎత్తు, బయట నిలబడటానికి ఒక సాకు దొరకడం ఒక ఎత్తు. ఊరికే నిలబడితే పనిదొంగ అంటారు. చేతిలో సిగరెట్ ఉంటే ఎవరూ ఏమీ అనరు.

ఆరు దొరుకుతున్నాయి. "మానెయ్యరా బాబూ" అనేవాళ్ళంతా మొదటిదాని గురించే మాట్లాడతారు. అతను మానేసిన రోజున మిగతా ఐదూ కూడా పోతాయి. పదిహేను రోజుల్లో మళ్ళీ వెలిగిస్తే "మనసు గట్టిగా లేదు" అంటారు. అతని మనసుకేం, బాగానే ఉంది. ఆ సిగరెట్ చేస్తున్న పనుల్లో ఐదింటికి బదులు ఎవరూ పెట్టలేదు, అంతే.

ఈ పద్ధతి ఆ పనులను విడదీసి చూడటానికే. కనీసం మూడు వారాలు పడుతుంది. జేబులో పట్టే చిన్న నోటుపుస్తకం, పెన్ను ఉంటే చాలు. ఒక్క హెచ్చరిక: రోజూ మందు తాగేవారు ముందు చివరి భాగం చదివి, ఆ తర్వాతే ఇక్కడికి రండి.

ఒక్క అలవాటు, ఒక్క వాక్యం

"నాకు తిండి మీద అదుపు లేదు" అంటే దాంతో ఏ పనీ చెయ్యలేం. "రాత్రి పదిన్నర దాటాక, అందరూ పడుకున్నాక, వంటింట్లో నిలబడి డబ్బాలోంచి మిక్చర్ తింటున్నాను" అంటే పని మొదలైనట్టే. వాక్యంలో వేళ, చోటు, చేసే పని మూడూ ఉండాలి. సిగరెట్లు రోజుకి పది కాలిస్తే పదింటినీ ఒక్కసారే పట్టుకోకండి. పొద్దున లేవగానే కాల్చేది ఒక రకం, భోజనం తర్వాతది ఒక రకం, గొడవ అయ్యాక కాల్చేది ఇంకో రకం. చూడటానికి ఒకటే అయినా వాటి వెనక అవసరాలు వేరు. ఏదో ఒక్కటి ఎంచుకోండి. అన్నిటికంటే కష్టమైనది కాకుండా, రోజూ దాదాపు ఒకే వేళకి వచ్చేదైతే మంచిది.

పది రోజులు రాయండి, మానకండి

ఈ పది రోజులూ అలవాటును ఆపడానికి ప్రయత్నించకూడదు. ఇది చాలామందికి నచ్చదు. కానీ ఆపితే దాన్ని చూడలేం. కాల్చిన, తిన్న, ఫోను తీసిన ప్రతిసారీ, వీలైతే అది మొదలుపెట్టే ముందే, ఈ ఆరు రాయాలి: వేళ; చోటు; పక్కన ఎవరున్నారు; అంతకు ముందు అరగంటలో ఏం జరిగింది; ఒంట్లో ఎలా ఉంది; మనసులో ఏముంది, ఒక్క మాటలో. ఇరవై నిమిషాలయ్యాక ఏడోది: ఇప్పుడెలా ఉంది?

ఈ ఏడోదాన్నే జనం వదిలేస్తారు. అసలు ఆచూకీ దొరికేది అక్కడే. మిక్చర్ తిన్నాక "కడుపు బరువు, కానీ ఇల్లు సద్దుమణిగింది, హాయిగా ఉంది" అని రాసుకుంటే, ఆ హాయి మిక్చర్‌దా, సద్దుమణిగిన ఇంటిదా అన్న ప్రశ్న పుడుతుంది.

పుస్తకం పనికిరాకుండా పోయేది రెండు మూడు కారణాలవల్ల. రాత్రి పడుకునే ముందు రోజంతా గుర్తుచేసుకుని రాస్తే అది జరిగింది కాదు, మనం అల్లుకున్న కథ. ఇంట్లో ఎవరైనా చదువుతారనే భయం ఉంటే అబద్ధాలు పడతాయి; అలాంటప్పుడు మీకు మాత్రమే తెలిసిన పొడి అక్షరాల్లో రాసుకోండి. నాలుగో గడిలో సంజాయిషీలు రాయడం ఇంకో తప్పు. "మేస్త్రీ అలా అన్నాడు కాబట్టి కాల్చాను" అనకండి, "మేస్త్రీ నలుగురి ముందు అరిచాడు" అని మాత్రమే రాయండి. కాబట్టి అనే మాట ఈ పది రోజులూ వద్దు.

"టెన్షన్" అని రాయకండి

ఆరో గడి దగ్గర అందరూ ఆగిపోతారు. మన దగ్గర ప్రతిదానికీ టెన్షన్, లేకపోతే మూడ్ బాలేదు, ఇంకా లేకపోతే టైంపాస్. ఈ మూడు మాటలూ నిషేధించండి. తెలుగులో లోపలి సంగతి చెప్పడానికి మాటలకి కరువు లేదు, వాడటం తగ్గించామంతే. చిరాకు వేరు, విసుగు వేరు. చిరాకు ఏదో అడ్డుపడితే వస్తుంది; ఏమీ జరగకపోతే, లేదా జరిగిందే మళ్ళీ మళ్ళీ జరుగుతుంటే విసుగొస్తుంది. దిగులు పోయినదాని గురించైతే బెంగ దూరంగా ఉన్నదాని గురించి. గుబులు రాబోయేదాని గురించి. ఉక్రోషం అంటే తిరిగి అనలేకపోయిన కోపం. చిన్నబుచ్చుకోవడంలో కోపం తక్కువ, నొప్పి ఎక్కువ. వెలితి, నిస్సత్తువ, మొహమాటం, కంగారు, కుళ్ళు, ఇవన్నీ వేర్వేరు తలుపులు. ఒక్కోటి ఒక్కో గదిలోకి తెరుచుకుంటుంది.

ఇది భాషాభిమానం కొద్దీ చెబుతున్న మాట కాదు. కలుగుతున్న భావానికి పేరు పెడితే మెదడులో అమిగ్డలా అనే భాగపు ఉద్రేకం తగ్గుతుందని 2007లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మాథ్యూ లీబర్‌మన్ బృందం స్కానింగుల్లో చూపించింది. అంటే ఆరో గడి నింపడమే కొంత మందు. పైగా సరైన పేరు పడితే అవసరం సగం తెలిసిపోయినట్టే. ఉక్రోషం పదేపదే కనిపిస్తే, మాట చెల్లడం లేదన్నమాట. బెంగైతే తోడు కావాలి. విసుగైతే మెదడుకి పని కావాలి. విసుగులో ఉన్నవాడికి విశ్రాంతి ఇస్తే ఇంకా ఫోను తీస్తాడు. నిస్సత్తువకి మాత్రం విశ్రాంతే. మొహమాటం కనిపిస్తే అసలు కావలసింది "వద్దు" అనడం నేర్చుకోవడం. స్నేహితులు పోసిన గ్లాసు వెనక చాలాసార్లు మందు మీద ఇష్టం ఉండదు, ఈ మొహమాటమే ఉంటుంది.

పేరు దొరకనప్పుడు ఒంటిని అడగండి. దవడ బిగిసి ఉందా, గొంతులో ముద్ద అడ్డుపడ్డట్టుందా, గుండెల్లో దడా, భుజాలు వాలిపోయాయా? దవడ బిగిస్తే చాలాసార్లు మింగిన కోపం. గొంతులో ముద్ద, ఆపుకున్న ఏడుపు.

ముందు ఒంటి లెక్క తేల్చండి

మనసు అవసరాలు వెతికే ఉత్సాహంలో ఒంటి అవసరాలు మర్చిపోవద్దు. పుస్తకం తీసి, పొద్దున టిఫిన్ మానేసిన రోజుల పక్కన గీత పెట్టండి. ఆరు గంటలకంటే తక్కువ నిద్రపోయిన రోజుల పక్కన ఇంకో గీత. ఆ రోజుల్లోనే సాయంత్రం పునుగుల బండి దగ్గర రెండు ప్లేట్లు అవుతున్నాయంటే అక్కడ తీరని బాధేమీ లేదు, ఆకలి ఉంది. నిజమైన ఆకలి మెల్లగా పెరుగుతుంది, పెరుగన్నం పెట్టినా తీరుతుంది. మనసు ఆకలి ఉన్నట్టుండి వస్తుంది, ఫలానా బజ్జీయే కావాలంటుంది, కడుపు నిండినా ఆగదు.

సిగరెట్, ఖైనీల విషయంలో ఇంకో మెలిక ఉంది. ఒంట్లో నికోటిన్ దాదాపు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. పడిపోయేకొద్దీ అసహనం, చిరాకు మొదలవుతాయి. అప్పుడు వెలిగించిన సిగరెట్ "టెన్షన్ తగ్గించింది" అనిపిస్తుంది. నిజానికి ఆ చిరాకులో పెద్ద వాటా ముందు కాల్చిన సిగరెట్ పెట్టినదే. ప్రతి గంటన్నర, రెండు గంటలకీ గడియారం కొట్టినట్టు వచ్చే సిగరెట్లను ఈ లెక్కలో వేయండి. ఏ లెక్కకీ లొంగకుండా, ఫలానా మనిషి ఫోను చేశాక వెంటనే వెలిగేవి అసలు వెతకాల్సినవి.

నెలల తరబడి నీరసం, ఆసక్తి లేకపోవడం ఉంటే హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు ఒకసారి చేయించుకుంటే అనుమానం తీరుతుంది.

అవసరాన్ని ఊహించడం కాదు, పరీక్షించడం

పదకొండో రోజు పుస్తకం మొత్తం ఒక్క కూర్చోడంలో చదవండి. ఎక్కువసార్లు వచ్చిన మాటలకి సున్నా చుట్టండి. సాధారణంగా రెండు మూడు అవసరాలు తేలతాయి: విరామం, తోడు, ఓదార్పు, గుర్తింపు, ఉత్సాహం, "నా టైం నాది" అనే స్వేచ్ఛ. ఇక్కడే చాలామంది "ఓహో, నాది ఒంటరితనం అన్నమాట" అని తీర్పు చెప్పేసి పుస్తకం మూసేస్తారు. తొందరపడకండి. మన గురించి మనం చేసే ఊహలు తప్పుతూనే ఉంటాయి.

కరెంటు పోయినప్పుడు ఎలక్ట్రీషియన్ ఏం చేస్తాడు? ఒక్కో ఫ్యూజు తీసి చూస్తాడు. మీరూ అంతే. ఒక్కో అనుమానానికి మూడుసార్లు ప్రయోగం. ఆటోనగర్ వెల్డర్‌ను మళ్ళీ తీసుకుందాం. మొదటి మూడు రోజులు అదే వేళకి, అదే టీ కొట్టు దగ్గరికి, అదే కుర్రాడితో వెళ్ళాలి. టీ తాగాలి, సిగరెట్ వెలిగించకూడదు. తర్వాతి మూడు రోజులు ఒంటరిగా, షెడ్డు వెనక నీడలో ఏడు నిమిషాలు కూర్చోవాలి. ఆ తర్వాతి మూడు రోజులు ఉన్నచోటే నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలాలి, పదిసార్లు. రెండు నిమిషాల లోపే అయిపోతుంది.

ప్రతిసారీ, వెళ్ళేముందు ఒక అంకె, పావుగంట తర్వాత ఒక అంకె రాయాలి. నాలుక ఎంత పీకుతోంది, సున్నా నుంచి పది దాకా. ఎనిమిది నుంచి మూడుకి పడితే మీరు సరైన ఫ్యూజు పట్టుకున్నారు. ఎనిమిది ఏడైతే అది కాదు. స్నేహితుడితో వెళ్ళినప్పుడు ఎనిమిది తొమ్మిదై, ఒంటరిగా కూర్చున్నప్పుడు మూడైతే? అతనికి కావలసింది కబుర్లు కాదని, చప్పుడు లేని చోటని తేలింది. ఇది కూర్చుని ఆలోచిస్తే తెలిసేది కాదు. ఒకటికి రెండు అవసరాలు తేలినా ఫరవాలేదు. ఏ ప్రయోగంలోనూ అంకె కదలకపోతే నికోటినే ప్రధానం అనుకోవాలి. అప్పుడు నికోటిన్ గమ్ లాంటి వైద్యసాయం గురించి డాక్టరుని అడగడమే దారి.

గుంటూరు మిర్చి యార్డు నుంచి ఇంకో ఉదాహరణ. కమిషన్ కొట్టులో గుమాస్తాకి ఫిబ్రవరి నుంచి సీజన్ ఊపందుకుంటుంది. వారానికి రెండు మూడు రాత్రులు క్వార్టరు. "పని ఒత్తిడి" అంటాడు. పుస్తకం చూస్తే సరుకు ఎక్కువొచ్చి ఊపిరాడని రోజుల్లో తాగలేదు, ఇంటికెళ్ళి పడుకున్నాడు. తాగింది లెక్కలో తేడా వచ్చి, తనది కాని తప్పుకి మాట పడిన రోజుల్లో. ఇతనికి సెలవు ఇస్తే ఏమీ మారదు. ఆ రాత్రి "నీ తప్పు కాదు" అనే మనిషి ఒకరు కావాలి. లేదా తక్‌పట్టీ (అమ్మకం లెక్క రాసిన చీటీ), తూకం చీటీ పక్కపక్కన పెట్టి మర్నాడు యజమానితో మాట్లాడే ధైర్యం కావాలి.

బదులు పెట్టేటప్పుడు నాలుగు కొలతలు

అవసరం తేలాక దాన్ని తీర్చే వేరే పనిని పెట్టాలి. అది పాతదానంత దగ్గరలో, అంతే వేళలో, అంతే వేగంగా, అంతే చవగ్గా దొరకాలి. వీటిలో ఒక్కటి తగ్గినా పాతదే గెలుస్తుంది. సాయంత్రం నాలుగింటి చిరాకుకి పొద్దున ఆరింటి యోగా బదులు కాదు. యోగా మంచిదే, కానీ అవసరం వచ్చినప్పుడు అది పక్కన లేదు. మే నెలలో నాలుగింటికి బెజవాడ ఎండలో "కాస్త నడవండి" అని సలహా ఇచ్చేవాళ్ళు ముందు తాము నడిచి చూపించాలి. వన్‌టౌన్‌లో ఉన్నవాళ్ళకైతే సాయంత్రం ఆరు దాటాక కృష్ణ ఒడ్డు గాలి ఉంది, ఆ వేళకి అదే బదులు.

రాత్రి పదిన్నర మిక్చర్ ఉదాహరణలో ప్రయోగాలు చేస్తే ఎక్కువసార్లు తేలేది, రోజంతా "అమ్మా", "ఏమే", "కోడలా" అనే పిలుపుల మధ్య తనకంటూ ఎవరూ పిలవని వేళ అదొక్కటే అని. తినడం ఆ వేళకి తోడు. కాబట్టి డబ్బా దాచేస్తే పని జరగదు. మధ్యాహ్నం నాలుగింటికి అరగంట తలుపు వేసుకునే ఏర్పాటు ఇంట్లో అందరితో మాట్లాడి చేసుకోవాలి. అది లేకుండా పదిన్నరకి నిద్రపోమంటే ఆమెకి మిగిలిన ఒక్క స్వేచ్ఛనీ తీసుకున్నట్టే. రెసిడెన్షియల్ కాలేజీలో గంట కొడితే లేచి, గంట కొడితే తినే ఇంటర్ పిల్లవాడు సెలవుల్లో రాత్రి రెండింటి దాకా రీల్స్ చూడటం కూడా చాలాసార్లు ఈ కోవలోదే. వాడికి పగలు ఎవరూ లెక్క అడగని రెండు గంటలిచ్చి, వారం తర్వాత రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడో చూడండి.

బదులు ఎంచుకున్నాక ఒక వాక్యంగా కట్టండి: "ఫలానాది జరిగితే, ఫలానాది చేస్తాను." "మేస్త్రీ అరిస్తే, షెడ్డు వెనక్కి వెళ్ళి పదిసార్లు ఊపిరి తీసుకుంటాను." ఇలా ముందే కట్టుకున్న వాక్యం ఉత్త సంకల్పం కంటే బాగా పనిచేస్తుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో ప్రచురించిన పరిశీలన వివరిస్తుంది. వాక్యాన్ని నోటుపుస్తకం అట్ట మీద రాయండి. "చిరాకొస్తే" అని రాయకండి, అది ఎప్పుడొచ్చిందో తేల్చేసరికే వేలు లైటర్ మీద ఉంటుంది. కళ్ళకి కనిపించే, చెవికి వినిపించే గుర్తే రాయాలి.

బదుళ్ళలో ఉచ్చులుంటాయి. గుట్కా మానేసి ఉత్త వక్కపొడికి మారేవాళ్ళు మన జిల్లాల్లో చాలామంది. పొగాకు లేకపోయినా వక్కే క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. నోటికి పని కావాలంటే సోంపు, లవంగం, యాలక్కాయ. సిగరెట్ బదులు ఇంకో టీ పెట్టుకుంటే, కప్పుకి రెండు చెంచాల పంచదార చొప్పున రోజుకి ఆరు టీలైతే పన్నెండు చెంచాలు. మందు బదులు ఆన్‌లైన్ రమ్మీ వచ్చిందంటే అసలు అవసరం ఉత్సాహమో, డబ్బు దిగులో. ఇంకా పట్టుకోలేదని అర్థం.

లాగుడు మరీ ఎక్కువైనప్పుడు దాంతో కుస్తీ పట్టకండి. అది అలలా లేచి, కాసేపు నిలబడి, పడిపోతుంది. సిగరెట్ విషయంలో ఒక్కో అల చాలాసార్లు ఐదు నిమిషాల లోపే. ఫోనులో పదిహేను నిమిషాలు టైమర్ పెట్టి, ఒంట్లో అది ఎక్కడుందో, ఎలా కదులుతోందో చూస్తూ ఉండండి. టైమర్ మోగాక కూడా కావాలంటే అప్పుడు నిర్ణయించుకోవచ్చు.

కొత్త పని అలవాటుగా మారడానికి ఎన్నాళ్ళు? ఇరవై ఒక్క రోజులనే మాట వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనిస్తే సగటున 66 రోజులు తేలింది. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు.

జారినప్పుడు

అసలు నష్టం ఒక సిగరెట్‌తో రాదు. "పోయింది, ఇక ఎంతైనా ఒకటే" అనుకుని కొనే మిగతా పెట్టెతో వస్తుంది. ఆ రాత్రి చెయ్యాల్సింది ఒక్కటే: పుస్తకంలో మామూలుగా ఏడు గడులూ నింపడం. జారిన రోజు రాసిన పేజీ మంచిరోజుల పేజీలకంటే ఎక్కువ చెబుతుంది, ఎందుకంటే మీ బదులు ఎక్కడ సరిపోలేదో దాంట్లోనే ఉంటుంది. ఆ ఒక్క సందర్భానికే ఇంకో "జరిగితే, చేస్తాను" వాక్యం కట్టండి.

ఇంట్లోవాళ్ళు ఏమనాలి

"ఎప్పుడు చూసినా ఆ ఫోనేనా, దాంట్లో ఏముందిరా అంత?" ఇది ప్రశ్నలా కనిపిస్తుంది గానీ కాదు, తిట్టు. పిల్లవాడు జవాబు చెప్పడు, గది తలుపేసుకుంటాడు. "ఇవాళ బాగా అలిసిపోయినట్టున్నావు నాన్నా, అన్నం తిన్నాక కాసేపు డాబా మీద కూర్చుందామా?" అంటే వెంటనే ఏమీ మారకపోవచ్చు, కానీ తలుపు మూసుకోదు. తాగొచ్చిన మనిషితో ఆ రాత్రి మాట్లాడితే లాభం లేదు. మర్నాడు కాఫీ వేళకి, "ఏవండీ, నిన్న కొట్లో ఏమైనా అయిందా?" అని అడిగి, ఆయన చెప్పేదాకా ఆగాలి. ఆగడమే కష్టం. మధ్యలో "నేను ముందే చెప్పాను" అంటే అక్కడితో అయిపోయింది.

పుస్తకం అడిగి చదవకండి. ఒట్లు వేయించకండి. గుడిలో వేయించిన ఒట్టు తప్పితే సిగ్గు తోడవుతుంది, ఆ సిగ్గును మింగడానికి ఇంకో పెగ్గు. అలాగని భర్త తాగుడుకి కారణం తనలో వెతుక్కోమని ఏ ఇల్లాలికీ ఎవరూ చెప్పకూడదు. అవసరం ఆయనది, వెతకాల్సింది కూడా ఆయనే. కొట్టడం, తిట్టడం ఉంటే ముందు ఆమె, పిల్లల భద్రత. ఈ పద్ధతి ఆ తర్వాత.

ఆసుపత్రికి ఎప్పుడు

రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపకూడదు. చివరిసారి తాగిన ఆరు గంటల నుంచే చేతుల వణుకు, చెమటలు, దడ మొదలవ్వచ్చు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజుల తర్వాత లేని మనుషులు కనిపించడం, తేదీ, చోటు తెలియకపోవడం, జ్వరం వస్తే దాన్ని డెలిరియం ట్రెమెన్స్ అంటారు, ప్రాణం మీదికి వస్తుంది. దీన్ని గాలి సోకిందనుకుని తాయెత్తులకి తిప్పితే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. వీధి చివర క్లినిక్‌లో గ్లూకోజ్ సీసా ఎక్కించేయడం ఇంకో పొరపాటు: ఇలాంటివారికి ముందు థయమిన్ (బీ1 విటమిన్) ఇవ్వాలి, అది లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. మానాలనుకుంటే డాక్టర్ పర్యవేక్షణలో, మందులతోనే.

చచ్చిపోవాలనే ఆలోచనలు, తనను తాను గాయపరచుకోవడం, తిన్నది కావాలని కక్కేయడం, వెంట్రుకలు పీక్కుని మాడు మీద ఖాళీలు పడటం, రెండు వారాలు దాటినా తగ్గని దిగులు, ఇవేవీ నోటుపుస్తకంతో నెట్టుకొచ్చేవి కావు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళలోనైనా తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు పడదు. మత్తు అలవాట్లకి 14446, పొగాకు మానడానికి 1800-11-2356. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఓపీకి వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులతో పాటు ఆ నోటుపుస్తకం కూడా పట్టుకెళ్ళండి. ఎప్పటినుంచి, రోజుకెంత, ఏ వేళలో, దేని తర్వాత అని డాక్టర్ అడిగే ప్రశ్నలకి జవాబులన్నీ అందులోనే ఉంటాయి. బయట క్యూ చూసి కంగారులో ఏదీ మర్చిపోరు.